ప్లాటినం, ఇరిడియం లేకుండా నీళ్ళను విడగొట్టడం: ఇనుము సంగతి

(నల్లగొండలో డిగ్రీ, పీజీ కెమిస్ట్రీ విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం, చివర్లో అడిగిన ప్రశ్నలతో సహా. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఒక లెక్కతో మొదలుపెడ్త. బోర్డు మీద రాస్తున్న, మీరు కూడ రాసుకోండి.

ఒక కిలో హైడ్రోజన్ రావాలంటే నీళ్ళలోంచి ఎంత కరెంటు పోవాలె? కిలో హైడ్రోజన్ అంటే సుమారు 496 మోల్స్. ఒక్కో అణువుకు 2 ఎలక్ట్రాన్లు. 496ను 2తోటి, 96,485తోటి గుణించి 3,600తోటి భాగించండి. సుమారు 26,590 యాంపియర్-గంటలు వస్తది. ఇది ఫారడే లెక్క. ఏ క్యాటలిస్టు పెట్టినా, ఎంత ఖరీదైంది పెట్టినా ఇది మారదు. మారేది వోల్టేజీ ఒక్కటే. ఒక్కో వోల్టుకు కిలోకు 26.6 యూనిట్ల కరెంటు ఖర్చయితది. థర్మోడైనమిక్స్ చెప్పే కనీస వోల్టేజీ 1.23. అక్కడ 32.7 యూనిట్లు. బయటి నుంచి వేడి ఇయ్యకుండా నడవాలంటే 1.48 కావాలె, అక్కడ 39.4 యూనిట్లు. నిజం ప్లాంట్లు 1.8 నుంచి 2 వోల్ట్ల మధ్య నడుస్తయి, అంటే 48 నుంచి 53 యూనిట్లు.

ఈ పైన పడ్డ వోల్టేజీలో కొంత ద్రావణంలో, పొరలో నిరోధం తింటది. మిగిలింది రెండు ఎలక్ట్రోడ్ల మీద రియాక్షన్ మెల్లగ నడుస్తున్నందుకు కట్టే జరిమానా. దాన్నే ఓవర్‌పొటెన్షియల్ అంటం. క్యాటలిస్టు పని ఆ జరిమానా తగ్గించుడు. 0.1 వోల్టు తగ్గిస్తే కిలోకు 2.66 యూనిట్లు మిగులుతయి. అందుకే మా రంగంలో 20, 30 మిల్లీవోల్ట్ల కోసం ఏండ్లకేండ్లు పని నడుస్తది.

ఇగ ఖరీదైన లోహాల సంగతి. ప్లాటినం పేరు అందరికీ తెలుసు. కానీ నీళ్ళను విడగొట్టే కాడ అసలు ఇరుకు ఇరిడియం. పీఈఎం ఎలక్ట్రోలైజర్‌లో, అంటే ప్రోటాన్‌ను దాటనిచ్చే ప్లాస్టిక్ పొర ఉన్నదాంట్లో, ఆక్సిజన్ వచ్చే వైపు ఇరిడియం ఆక్సైడ్ పూస్తరు. చదరపు సెంటీమీటరుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. 2 మిల్లీగ్రాములు పూసి, 2 యాంపియర్ల దగ్గర 1.85 వోల్ట్లతో నడిపితే కిలోవాటుకు అర గ్రాము పైన పడ్తది. ఒక గిగావాటుకు అర టన్ను. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి గనుల నుంచి వచ్చే ఇరిడియం 7, 8 టన్నులే. అది కూడ ప్లాటినం తవ్వేటప్పుడు వెంట వచ్చేది, ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా నుంచి. గిరాకీ పెరిగిందని విడిగ తవ్వి తెచ్చేది కాదు.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ లక్ష్యం 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు. కిలోకు 50 యూనిట్లు వేసుకోండి, ప్లాంట్లు సగం టైమే నడుస్తయనుకోండి. దాదాపు 57 గిగావాట్ల ఎలక్ట్రోలైజర్లు కావాలె. మొత్తం పీఈఎంతో పెడితే ఇరిడియం 28, 30 టన్నులు పడ్తది. లోకమంతా తవ్వేదాన్ని నాలుగేండ్లు మనమొక్కరమే కొనాలె. ఇది అయ్యే పని కాదు.

మరి పీఈఎంలో నికెల్, ఇనుము పెట్టొచ్చు గదా అంటే, పెట్టలేం. ఆ పొర గట్టి ఆసిడ్‌తో సమానం. ఆక్సిజన్ వచ్చే వైపు వోల్టేజీ 1.5 పైన ఉంటది. ఆ రెండూ కలిసిన చోట నికెల్, కోబాల్ట్, ఇనుము అన్నీ అయాన్లుగ కరిగిపోతయి. అదే క్షారంలో నికెల్ మీద ఆక్సీహైడ్రాక్సైడ్ చర్మం కట్టి, ఆ చర్మమే పని చేస్తది. కాబట్టి చవక లోహం వాడాలనుకున్నోళ్ళు ముందు తేల్చుకోవాల్సింది ఏ క్యాటలిస్టు అని కాదు, ఏ ద్రావణం అని.

క్షారంలో విలువైన లోహం లేకుండ హైడ్రోజన్ తీయడం కొత్తదేం కాదు. 1960లలోనే భాక్రా కరెంటుతో నంగల్ ఎరువుల ఫ్యాక్టరీలో నీళ్ళను విడగొట్టి హైడ్రోజన్ తీసిండ్రు. 25 నుంచి 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, 70 నుంచి 90 డిగ్రీలు, నికెల్ జాలీలు, నడుమ ఒక డయాఫ్రం. ఇప్పటికీ అదే పద్ధతి. తక్కువేంటంటే, పాత ప్లాంట్లు చదరపు సెంటీమీటరుకు 0.2 నుంచి 0.4 యాంపియర్ల దగ్గరే నడుస్తయి. పీఈఎం 2 యాంపియర్లు లాగుతది. అంత కరెంటును అంతే వోల్టేజీకి క్షారంలో రాబట్టాలె. ఇదీ ఇప్పటి పని.

ఇక్కడికి ఇనుము వస్తది. ఇవాళ నా ప్రసంగమంతా దాని చుట్టే తిరుగుతది.

నికెల్ బ్యాటరీలు చేసేటోళ్ళకు ఇనుము అంటే పగ. ప్లేట్లో కొంచెం ఇనుము కలిస్తే చార్జింగ్ ఎక్కేటప్పుడు కరెంటంతా ఆక్సిజన్ బుడగలై పోతది. వాళ్ళకు నష్టం, మనకు అదే లాభం. 1987లో డెన్నిస్ కొరిగన్ ఈ సంగతిని శ్రద్ధగ కొలిచి రాసిండు: పల్చటి నికెల్ ఆక్సైడ్ పొరలో అతి కొద్ది ఇనుము ఉన్నా ఆక్సిజన్ వచ్చే రియాక్షన్ మస్తు జోరందుకుంటది అని. అయినా తర్వాత చాలా ఏండ్లు నికెల్ పొరను క్షారంలో నానబెడితే దాని స్ఫటిక రూపం మారి చురుకైతదని నమ్మినోళ్ళే ఎక్కువ. 2014లో అమెరికాలో ఒరెగన్ యూనివర్సిటీలో షానన్ బోట్చర్ బృందం క్షారంలోంచి ఇనుమును పూర్తిగ తీసేసి అదే ప్రయోగం చేసింది. నానబెట్టినా చురుకు పెరగలే. పాత ప్రయోగాల్లో నానిన కొద్దీ పెరిగింది నికెల్ గుణం కాదు, సీసాలోని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మలినంగ ఉన్న ఇనుము వచ్చి పొరలో చేరుడు.

ఈ ఇనుమును తీసే పద్ధతి నల్లగొండ వాళ్ళకు చెప్పక్కర లేదు. నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా చదువుకుంటది, నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వాళ్ళు తయారు చేసింది. పటిక, సున్నం వేసి కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ను తమతో పట్టుకొని కిందికి దిగుతయి. ఇక్కడ కూడ అదే తీరు. నికెల్ హైడ్రాక్సైడ్ అవక్షేపం ఇనుమును పట్టుకుంటది. 50 మి.లీ. పాలీప్రొపిలీన్ సెంట్రిఫ్యూజ్ ట్యూబు తీసుకోండి, ముందు ఆసిడ్‌తో కడగండి. మేలైన శుద్ధత ఉన్న నికెల్ నైట్రేట్ 2 గ్రాములు 4 మి.లీ. నీళ్ళలో కరిగించి, 20 మి.లీ. ఒక మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ పోయండి. ఆకుపచ్చ ముద్ద వస్తది. సెంట్రిఫ్యూజ్ చేసి పైది పారబోసి, నీళ్ళు, కొద్ది క్షారంతో మూడు సార్లు కడగండి. ఆ ముద్ద మీద మీ అసలు ద్రావణం పోసి కనీసం 10 నిమిషాలు ఊపి, 3 గంటలు వదిలి, మళ్ళీ సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరుకున్నది తీసుకోండి. మామూలు నికెల్ నైట్రేట్‌తో చేస్తే లాభం లేదు. దాంట్లోనే ఇనుము ఉంటది.

మరొకటి. పొటాషియం హైడ్రాక్సైడ్ బిళ్ళల సీసా మీద 85 శాతం అని రాసి ఉంటది. మిగతాది ఎక్కువగ నీళ్ళు, కొంత కార్బొనేట్. ఒక మోలార్‌కు లీటరుకు 56 గ్రాములు తూస్తే మీ ద్రావణం 0.85 మోలారే. 66 గ్రాములు వేయాలె. మూత తీసి పెడ్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడ పీల్చుకుంటది. దాన్ని గాజు సీసాలో నిల్వ చేయొద్దు. క్షారం గాజును తింటది, గాజులోని సిలికా, ఇనుము ద్రావణంలోకి దిగుతయి. సెల్ కూడ టెఫ్లాన్‌ది గానీ పాలీప్రొపిలీన్‌ది గానీ కావాలె.

సరే, ఇనుమును తీసేదెట్లనో చూసినం. ఇప్పుడు మనమే కావాలని కలిపే ఎలక్ట్రోడ్ చేద్దాం. ఏ పీజీ ల్యాబులోనైనా ఒక పూటలో అయితది.

నికెల్ ఫోమ్ 1 సెంటీమీటరు వెడల్పు, 3 సెంటీమీటర్ల పొడవు ముక్క కోయండి. 3 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో 10 నుంచి 15 నిమిషాలు సోనికేటర్‌లో పెట్టండి. సీసాలోని గాఢ ఆసిడ్ ఒక వంతుకు నీళ్ళు మూడు వంతులు, ఆసిడ్‌నే నీళ్ళలో పోయాలె. పైన ఉన్న ఆక్సైడ్ పోతది. అరగంట, గంట పెట్టకండి, ఫోమ్ తీగలు సన్నబడి విరిగిపోతయి. నీళ్ళతో, ఆ తర్వాత ఇథనాల్‌తో కడగండి. పూత వేసే ద్రావణం, అంటే బాత్ కోసం 100 మి.లీ. నీళ్ళలో నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 87 మిల్లీగ్రాములు, ఫెర్రిక్ నైట్రేట్ నోనాహైడ్రేట్ 121 మిల్లీగ్రాములు. రెండూ 3 మిల్లీమోలార్. దీన్ని అప్పటికప్పుడు కలపాలె. రాత్రి కలిపి పొద్దున వాడితే ఫెర్రిక్ అయాన్ నీళ్ళతో విడిపోయి బురద కట్టి ఉంటది, మీ పొరలో ఇనుమెంత పడ్డదో ఎవరూ చెప్పలేరు. రిఫరెన్స్ అంటే వోల్టేజీని దేనితో పోల్చి కొలుస్తమో ఆ ఎలక్ట్రోడ్. సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ మీద మైనస్ 1 వోల్టు దగ్గర 300 సెకండ్లు పట్టండి.

ఏం జరుగుతదంటే, నైట్రేట్ అయాన్ ఎలక్ట్రోడ్ దగ్గర రిడక్షన్ చెంది హైడ్రాక్సైడ్‌ను విడుదల చేస్తది. ఎలక్ట్రోడ్‌ను ఆనుకున్న పల్చటి నీటి పొరలో పీహెచ్ పెరిగి, నికెల్, ఇనుము హైడ్రాక్సైడ్లు అక్కడికక్కడ ఫోమ్ మీద దిగుతయి. లోహం పూత కాదు, హైడ్రాక్సైడ్ పూత. కడిగి, గాలికి ఆరనియ్యండి. 100 డిగ్రీల ఓవెన్‌లో పెడితే పొర పగిలి రాలుతది. బాత్‌లో సగం సగం ఉన్నయని పొరలో కూడ సగం సగం అనుకోవద్దు, ఐసీపీతో, అంటే ఏ లోహం ఎంతుందో చెప్పే యంత్రంతో కొలవాలె. మొత్తం లోహంలో ఇనుము 10 నుంచి 25 శాతం మధ్య ఉంటే మంచిది. అంతకు మించితే ఇనుము విడిగ ఆక్సీహైడ్రాక్సైడ్‌గ కూడుకుంటది, దానికి కరెంటు మోసే బలం తక్కువ.

ఇగ కొలవడం. నా అభిప్రాయం గట్టిగనే చెప్త: ఈ రంగంలో కొత్త పదార్థాలకు కొదవ లేదు, సరిగ్గ కొలిచిన పదార్థాలకే కొదవ. తప్పులు ఎక్కడ జరుగుతయో ఒక్కొక్కటి చూద్దాం.

ఫోమ్ స్పాంజి లాంటిది. ఒక చదరపు సెంటీమీటరే ముంచిన అనుకుంటరు, ద్రావణం పైకి పాకి క్లిప్పు దాకా పోతది. మొసలి క్లిప్పులో రాగి ఉంటది, అది కరిగి మీ ఎలక్ట్రోడ్ మీదికి చేరుతది. ఫోమ్ పై భాగాన్ని ప్రెస్సులో పల్చగ నొక్కి, ఎపాక్సీతో మూసి, కింద ఒక చదరపు సెంటీమీటరు మాత్రమే వదలండి. అంత చేసినా ఫోమ్ అసలు ఉపరితలం అంతకు ఎన్నో రెట్లు ఉంటది. ఫోమ్ మీద వచ్చిన ఫలితాన్ని చదును రేకు మీద వచ్చినదాంతో పోల్చి మాది గొప్ప అనడం న్యాయం కాదు. రెండింటినీ ఫోమ్ మీదనే పెట్టి పోల్చాలె.

తర్వాత, సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌ను క్షారంలో ముంచుడు. బాత్‌లో వాడినం గదా, మరి ఇక్కడ ఎందుకు వద్దంటే, క్షారం లోపలికి పోయి సిల్వర్ ఆక్సైడ్ కడ్తది, రీడింగ్ జారుతది. క్లోరైడ్ బయటికి కారి నికెల్‌ను గుంటలు పెడ్తది. క్షారంలో మెర్క్యూరీ-మెర్క్యురిక్ ఆక్సైడ్ రిఫరెన్సే వాడాలె. అది కూడ పుస్తకంలోని విలువ వేసి వదిలేయొద్దు. అదే ద్రావణంలో, విడి పాత్రలో, హైడ్రోజన్ బుడగలు పంపుతూ ప్లాటినం తీగతో సరిచూసుకోండి. విడి పాత్ర అన్నది గుర్తుంచుకోండి. ఎందుకో ఇప్పుడు చెప్త.

హైడ్రోజన్ వైపు ప్రయోగాల్లో కౌంటర్ ఎలక్ట్రోడ్‌గ ప్లాటినం పెట్టడం అతి పెద్ద తప్పు. మీరు మీ నికెల్-మాలిబ్డినం మీద హైడ్రోజన్ తీస్తుంటే, ఎదురుగ ఉన్న ప్లాటినం మీద ఆక్సిజన్ వస్తుంటది. ఆ ప్లాటినం కొంచెం కొంచెం కరిగి, ఈదుకుంటూ వచ్చి, మీ ఎలక్ట్రోడ్ మీద దిగుతది. గంటలు గడిచిన కొద్దీ క్యాటలిస్టు మెరుగైతుంటది. మీరు సంబురపడ్తరు. ప్లాటినం లేని క్యాటలిస్టు అని రాస్తరు, కొలిచేది ప్లాటినంనే. గ్రాఫైట్ కడ్డీ వాడండి, నడుమ పొర పెట్టండి. ఆక్సిజన్ వైపు దీనికి ఉల్టా జాగ్రత్త కావాలె: క్యాటలిస్టును కార్బన్ కాగితం మీద గానీ గ్లాసీ కార్బన్ మీద గానీ పూసి గంటల తరబడి నడిపితే కార్బన్ తానే ఆక్సైడ్ అయిపోతది. ఆ కరెంటును కూడ ఆక్సిజన్ అని లెక్కేసుకుంటరు. అందుకే గ్యాసు కొలవాలె. 25 డిగ్రీల దగ్గర 1 యాంపియర్‌కు నిమిషానికి హైడ్రోజన్ సుమారు 7.6 మి.లీ., ఆక్సిజన్ 3.8 మి.లీ. రావాలె. తలకిందులు పెట్టిన బ్యూరెట్ చాలు.

నికెల్‌కు ఇంకో మాయ ఉంది. ఆర్‌హెచ్‌ఈ స్కేలు మీద, అంటే అదే ద్రావణంలోని హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ను సున్నా అనుకుంటే, 1.35 నుంచి 1.45 వోల్ట్ల దగ్గర నికెల్ హైడ్రాక్సైడ్ తానే ఆక్సీకరణ చెందుతది, పెద్ద పీక్ వస్తది. ఎలక్ట్రోడ్ ఆ ఘడియలో నల్లబడ్తది, కళ్ళతో చూడొచ్చు. వోల్టేజీ పెంచుకుంటూ పోయే గీతలో ఆ పీక్ మీదనే 10 మిల్లీ యాంపియర్లు తగిలి, చాలా తక్కువ ఓవర్‌పొటెన్షియల్‌కే ఆక్సిజన్ వచ్చిందని రాస్తరు. అది ఆక్సిజన్ కాదు. స్థిరమైన కరెంటు పెట్టి 10, 15 నిమిషాలు ఆగి వోల్టేజీ రాసుకోండి. 10, 50, 100, 200. నాలుగు పాయింట్లే అయినా నమ్మొచ్చు.

నిరోధం సరిదిద్దుడు కూడ అంతే. ఎలక్ట్రోడ్‌కు, రిఫరెన్స్‌కు మధ్య 1 ఓమ్ ఉంటే 100 మిల్లీ యాంపియర్ల దగ్గర 100 మిల్లీవోల్ట్లు అక్కడే పోతయి. దాన్ని తీసేసి చెప్పడం సరే, కానీ 0.1 ఓమ్ ఎక్కువ తీస్తే 500 మిల్లీ యాంపియర్ల దగ్గర 50 మిల్లీవోల్ట్లు ఊరికే లాభం చూపిస్తది. గీత వెనక్కి వంగిందంటే ఎక్కువ తీసినట్టే. తీసింది ఎంతో రాయండి, తీయని గీత కూడ పక్కన పెట్టండి. ఇంకోటి, మన ఎండలు. మే నెలలో గది 40 దాటితే ద్రావణం వాహకత పెరుగుతది, రియాక్షన్ కూడ వేగమైతది. జనవరిలో కొలిచిన దానికంటే క్యాటలిస్టు మంచిగ అయినట్టు కనిపిస్తది. వాటర్ బాత్‌లో 30 డిగ్రీల దగ్గర పెట్టి ఏడాదంతా అక్కడే కొలవండి.

హైడ్రోజన్ వైపు ఎక్కువ సేపు ఉండను. ఉత్త నికెల్ సాధారణం. రేనీ నికెల్, అంటే నికెల్-అల్యూమినియం మిశ్రమంలోంచి అల్యూమినియంను క్షారంతో తోడేస్తే మిగిలే గుల్ల, చాలా మేలు. నికెల్-మాలిబ్డినం ఇంకా మేలు. ఇబ్బంది వచ్చేది కరెంటు ఆగినప్పుడు. వోల్టేజీ తీసేసిన వెంటనే మాలిబ్డినం క్షారంలోకి మాలిబ్డేట్‌గ కరుగుతది. పెద్ద స్టాకుల్లో కరెంటు ఆపితే కొంతసేపు వెనక్కి ప్రవహిస్తది, హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ ఆక్సీకరణకు గురైతది. సోలార్‌తో నడిపితే ఇది రోజూ సాయంత్రం జరిగే పని. 100 గంటలు ఆపకుండ నడిపి మా ఎలక్ట్రోడ్ గట్టిది అంటే సరిపోదు. రోజుకోసారి ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, నెల రోజులు చూడాలె. సోలార్‌తో మరో ప్రమాదం: తక్కువ కరెంటు దగ్గర ఆక్సిజన్ తక్కువ వస్తది, కానీ డయాఫ్రం దాటే హైడ్రోజన్ అంతే ఉంటది. ఆక్సిజన్‌లో హైడ్రోజన్ 4 శాతం చేరితే అంటుకుంటది. 2 శాతం దగ్గరనే ప్లాంటు ఆపేస్తరు.

ఇప్పుడు ఫ్యూయెల్ సెల్. అదే రియాక్షన్ వెనక్కి: హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్ళు, కరెంటు. ఇక్కడ కష్టం ఆక్సిజన్ వైపే, ప్లాటినం ఎక్కువ పట్టేది అక్కడే. ప్లాటినం బదులు మళ్ళీ ఇనుమే వస్తది. 1964లో రేమండ్ జాసిన్‌స్కీ కోబాల్ట్ థాలోసయనిన్ ఆక్సిజన్‌ను రిడక్షన్ చేయగలదని చూపిండు. లోహం చుట్టూ నాలుగు నైట్రోజన్లు ఉన్న చక్రం అది. మన రక్తంలో హీమ్‌కు ఉన్న అమరిక కూడ ఇటువంటిదే. ఇప్పటి క్యాటలిస్టుల్లో అదే అమరికను కార్బన్‌లో వేడితో పుట్టిస్తం. జింకు, ఇమిడజోల్ కలిసిన జెడ్ఐఎఫ్-8 అనే పొడిలో కొద్ది ఇనుము లవణం, ఫెనాంత్రోలీన్ కలిపి, బాల్ మిల్లు చేసి, ఆర్గాన్‌లో 1,000 డిగ్రీల పైన కాలుస్తరు. 907 డిగ్రీల దగ్గర జింకు మరిగి ఆవిరైపోతది, పోతూ కార్బన్‌లో సన్నటి రంధ్రాలు వదిలిపోతది. ఆ జింకు ఫర్నెస్ ట్యూబు చల్లటి కొసకు పోయి పేరుకుంటది. ప్రతిసారి తీసి కడగాలె. వచ్చే వాయువుల్లో హైడ్రోజన్ సయనైడ్ ఉండే వీలుంది. ఫ్యూమ్ హుడ్ లేకుండ, క్షారం బబ్లర్ లేకుండ ఈ పని ముట్టుకోవద్దు.

ఇనుము ఎక్కువ వేస్తే ఎక్కువ చురుకు అనుకుంటరు. కాల్చినప్పుడు పొడి బరువు సగం కంటే ఎక్కువ పోతది కాబట్టి మొదట 1 శాతం వేస్తే చివరికి 2, 3 శాతం ఐతది. దాటితే ఇనుము ముద్దలు, కార్బైడ్ గుళికలు తేల్తయి. పరీక్ష సులువు: సీసా బయట అయస్కాంతం పెట్టండి. పొడి ఎగిరి అంటుకుంటే అందులో లోహం ఇనుము ఉన్నట్టు. పలచటి సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే బయట ఉన్నది పోతది, కార్బన్ పొర కింద దాగింది పోదు.

ఈ పొడిని ఎలక్ట్రోడ్ మీద పూసి కొలిచేందుకు ఇంకు చేసేటప్పుడు 5 మిల్లీగ్రాముల పొడి, దాన్ని అంటించి పట్టే 5 శాతం నాఫియాన్ ద్రావణం 50 మైక్రోలీటర్లు, 950 మైక్రోలీటర్ల నీళ్ళు-ఐసోప్రొపనాల్. సోనికేటర్‌లో ఐసు వేయండి. వేయకపోతే అరగంటలో బాత్ వేడెక్కి ఆల్కహాల్ ఎగిరిపోతది, పొడి గడ్డ కడ్తది. 0.196 చదరపు సెంటీమీటర్ల డిస్క్ మీద 24 మైక్రోలీటర్లు వేస్తే చదరపు సెంటీమీటరుకు 0.6 మిల్లీగ్రాములు. ఆ డిస్క్‌ను నిమిషానికి 1,600 చుట్ల వేగంతో తిప్పితే, ఆక్సిజన్ నిండిన 0.1 మోలార్ క్షారంలో, గరిష్ఠ కరెంటు చదరపు సెంటీమీటరుకు 5.5, 6 మిల్లీ యాంపియర్ల దగ్గర నిలవాలె. 3 దగ్గరనే ఆగితే ఆక్సిజన్ నీళ్ళ దాకా పోవట్లేదు, సగంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ దగ్గర ఆగుతున్నది.

ఆ పెరాక్సైడే ఈ క్యాటలిస్టుల చావు. మీరు బీఎస్సీలో చదివిన ఫెంటన్ రియాక్షనే: ఫెర్రస్ అయాన్, పెరాక్సైడ్ కలిస్తే హైడ్రాక్సిల్ ర్యాడికల్. అది కార్బన్‌ను తింటది, పొరను తింటది, నాలుగు నైట్రోజన్ల నడుమ ఉన్న ఇనుమును ఊడబెరుకుతది. ఊడిన ఇనుము మళ్ళీ ఫెంటన్‌కు పోతది. ఆసిడ్ పొర ఉన్న సెల్‌లో తొలి కొన్ని పదుల గంటల్లోనే పనితనం బాగా పడిపోయేది అందుకే. ఇంకోటి మందం. ప్లాటినం పొర 10 మైక్రాన్లు. ఇనుము క్యాటలిస్టు చురుకు తక్కువ కాబట్టి చదరపు సెంటీమీటరుకు 3, 4 మిల్లీగ్రాములు పూయాలె, పొర 100 మైక్రాన్లు అయితది. అంత మందంలో నీళ్ళు నిలిచి ఆక్సిజన్‌కు దారి మూసుకుపోతది. క్షారం పొరలో ఇదే క్యాటలిస్టు బాగా నిలబడ్తది. కానీ అక్కడ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పొరను కార్బొనేట్ చేస్తది, హైడ్రోజన్ వైపు రియాక్షన్ ప్లాటినం మీద కూడ మందగిస్తది. ఒక చోట గెలిస్తే ఇంకో చోట కట్టాలె.

ఇగ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మేడం, మా జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటది గదా, ఎలక్ట్రోలైజర్‌కు అదేమన్న చేస్తదా?

బోరు నీళ్ళు నేరుగ పోస్తే ఫ్లోరైడ్ కంటే ముందు వేరేవి దెబ్బ కొడ్తయి. కాల్షియం, మెగ్నీషియం హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ మీద తెల్లగ గార కడ్తయి. క్లోరైడ్ నికెల్‌ను గుంటలు పెడ్తది. ఫ్లోరైడ్ గురించి భయపడాల్సింది పీఈఎం వాళ్ళు. వాళ్ళ ప్లేట్లు టైటానియంవి, ఆసిడ్‌లో ఫ్లోరైడ్ ఆ టైటానియం మీది రక్షణ పొరను కరిగిస్తది. ఏ రకమైనా ఆర్ఓ, ఆ తర్వాత డీఅయనైజర్ తప్పదు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వాడితే ముందు కార్బన్ ఫిల్టర్ పెట్టండి, దాంట్లోని క్లోరిన్ ఆర్ఓ పొరను పాడు చేస్తది. కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీళ్ళు రియాక్షన్‌కే పోతయి. ఆర్ఓ వదిలే నీళ్ళు దానికి అదనం, వాటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగ ఉంటది. దాన్ని ఎక్కడ వదులుతరో ముందే ఆలోచించాలె.

ప్రశ్న: మేడం, మిర్యాలగూడ మిల్లుల ఊక, బాలానగర్ సీతాఫలం గింజలు కాల్చి మెటల్-ఫ్రీ కార్బన్ క్యాటలిస్టు చేద్దామనుకుంటున్నం.

చేయండి, కానీ మెటల్-ఫ్రీ అని పేరు పెట్టకముందు బూడిద కొలవండి. ఊకలో దాదాపు ఐదో వంతు దాకా సిలికా ఉంటది. వేడి సోడియం హైడ్రాక్సైడ్‌తో తీయాలె. మొక్క నేలలోంచి ఇనుము, మాంగనీస్ తీసుకుంటది. మర పట్టేటప్పుడు ఇనుప బ్లేడ్ల నుంచి కూడ చేరుతది. ఆక్సిజన్ రిడక్షన్‌కు కూడ లేశమాత్రం ఇనుము చాలు. ఐసీపీ రిపోర్టు లేకుండ లోహం లేదనడం తప్పు. కొంచెం ఇనుము ఉందని తేలితే సిగ్గుపడాల్సిన పని లేదు, అదే రాయండి.

ప్రశ్న: మైలేజీ పెరుగుతదని బండ్లకు పెట్టే, నీళ్ళను విడగొట్టి గ్యాసును ఇంజన్‌కు పంపే హెచ్‌హెచ్‌ఓ కిట్లలో స్టీలు ప్లేట్లు ఉంటయి. స్టీలు చవక గదా, అదే వాడితే?

స్టీలు పని చేస్తది, అందులో ఇనుము, నికెల్ రెండూ ఉన్నయి. కానీ క్రోమియం కూడ ఉంది. ఆక్సిజన్ వైపు అది ఆరు సంయోజకత ఉన్న క్రోమేట్‌గ కరుగుతది, ద్రావణం పసుపు రంగుకు తిరుగుతది. అది క్యాన్సర్ తెచ్చే విషం, మోరీలో పోయొద్దు. ఆ కిట్లలో రెండు గ్యాసులు కలిసే వస్తయి, అది పేలే మిశ్రమం. మైలేజీ సంగతికొస్తే, ఇంజన్ తిప్పిన ఆల్టర్నేటర్ కరెంటుతో హైడ్రోజన్ చేసి మళ్ళీ అదే ఇంజన్‌లో కాల్చుడు. మొదట రాసిన లెక్క ఒకసారి చూడండి, ప్రతి మెట్టులో పోయేదే తప్ప వచ్చేది లేదు.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో పొటెన్షియోస్టాట్, అంటే ఎలక్ట్రోడ్ వోల్టేజీని పట్టి ఉంచి కరెంటు కొలిచే యంత్రం, లేదు మేడం. ఏం చేయొచ్చు?

మంచి ప్రయోగం ఒకటి చేయొచ్చు చెల్లె. స్థిరమైన కరెంటు ఇచ్చే డీసీ పవర్ సప్లై, ఒక మంచి మల్టీమీటర్, ఒక మెర్క్యూరీ ఆక్సైడ్ రిఫరెన్స్, గ్రాఫైట్ కడ్డీ, నికెల్ ఫోమ్. శుద్ధి చేసిన ఒక మోలార్ క్షారం 250 మి.లీ. తీసుకోండి. పవర్ సప్లైని నికెల్‌కు, గ్రాఫైట్‌కు కలపండి, నికెల్ ప్లస్. మల్టీమీటర్‌ను నికెల్‌కు, రిఫరెన్స్‌కు మధ్య పెట్టండి. చదరపు సెంటీమీటరుకు 50 మిల్లీ యాంపియర్లు పెట్టి వోల్టేజీ నిలకడగ అయ్యేదాకా, గంట పట్టినా సరే, ఆగండి. ఫెర్రిక్ నైట్రేట్ 181 మిల్లీగ్రాములు 100 మి.లీ. పలచటి నైట్రిక్ ఆసిడ్‌లో ముందే కరిగించి పెట్టుకోండి. అందులోంచి 1 మి.లీ. మాత్రమే సెల్‌లో వేయండి. అంటే పావు మిల్లీగ్రాము ఇనుము, లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున. ఇగ మల్టీమీటర్ చూస్తూ ప్రతి నిమిషం రాయండి. వోల్టేజీ దిగడం కళ్ళతో చూస్తరు. శుద్ధి చేయని క్షారంతో ఇదే మళ్ళీ చేయండి. ఇనుము వేసినా పెద్దగ దిగదు, ఎందుకంటే అది అప్పటికే అందులో ఉంది. కిటికీలు తెరిచి పెట్టండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. బీకరు మాత్రం గాజుది వద్దు, పాలీప్రొపిలీన్‌ది.